కొత్త కంప్యూటర్లో పాత రికార్డింగ్ కార్డు: అడాప్టర్ కొనే ముందు చూడాల్సినవి

కొత్తగా అసెంబుల్ చేయించిన పీసీ సైడు ప్యానెల్ తీసి, పాత కంప్యూటర్లోంచి ఊడదీసిన ఆడియో రికార్డింగ్ కార్డు పెట్టబోతే ఎక్కడా పట్టదు. పాత రకం కార్డులు గుచ్చే తెల్లటి పొడవాటి పీసీఐ స్లాటు ఉండాల్సిన చోట పొట్టి నల్ల పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లు ఒకటో రెండో, గ్రాఫిక్స్ కార్డు కోసం పొడుగాటిది ఇంకొకటి కనిపిస్తాయి. అక్కడినుంచి దాదాపు అందరూ చేసే పని ఒకటే. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను పీసీఐగా మార్చే అడాప్టర్ ఒకటి ఆన్‌లైన్లో ఆర్డర్ పెడతారు. అది వస్తుంది, కార్డు అందులో చక్కగా దిగుతుంది, అడాప్టర్ మీద చిన్న లైటు కూడా వెలుగుతుంది. సౌండు మాత్రం రాదు. లేదా వస్తుంది కానీ, రికార్డింగ్ మంచి ఊపులో ఉండగా చిటపటమంటుంది.

నిజానికి అడాప్టర్ కొనడం చివరి మెట్టు. దాన్నే మొదటి మెట్టు చేసుకోవడం వల్ల చాలామందికి డబ్బు, ఓపిక రెండూ ఖర్చవుతున్నాయి. ముందు డ్రైవర్ ఉందా లేదా చూడాలి. తర్వాత ఆ కార్డు ఎంత మెమరీ దాకా చేయి చాచగలదో చూడాలి. స్లాటు, కరెంటు ఆ తర్వాతి సంగతులు.

ఒక కార్డును పట్టుకుని మాట్లాడితే ఇదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఎం-ఆడియో డెల్టా 1010 తీసుకుందాం. 1990ల చివర్లో వచ్చిన కార్డు ఇది. అప్పట్లో కంపెనీ పేరు మిడిమ్యాన్, తర్వాత ఎం-ఆడియోగా మారింది. కంప్యూటర్ లోపల ఒక పీసీఐ కార్డు, బయట ర్యాకులో బిగించుకునే పెట్టె, రెంటినీ కలుపుతూ ఒక లావాటి కేబుల్. ఎనిమిది అనలాగ్ ఇన్‌పుట్లు, ఎనిమిది అవుట్‌పుట్లు, రెండు చానళ్ల ఎస్‌పీడీఐఎఫ్ (డిజిటల్ ధ్వని కోసం), మిడి (కీబోర్డు లాంటి వాద్యాల సంకేతాల కోసం), వర్డ్ క్లాక్ (రెండు పెట్టెలను ఒకే తాళంలో నడిపించడానికి). రికార్డింగ్ 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. పాతికేళ్లు దాటినా ఈ అంకెలు పాతబడలేదు. ఇవాళ్టికీ పాటలు, డబ్బింగ్, వాయిస్ ఓవర్ ఎక్కువగా 24 బిట్, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్‌లోనే జరుగుతున్నాయి. దీని తమ్ముళ్లు డెల్టా 44, డెల్టా 66, 1010ఎల్‌టీ, ఆడియోఫైల్ 2496. ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకున్నవాళ్లు ఒకప్పుడు చాలామంది వీటిలో ఏదో ఒకటి వాడారు.

పెట్టె ఏదైనా, వీటన్నిటి లోపలా ఉండే చిప్పు ఒకటే, ఐసీఈ1712. దాన్నే ఎన్వీ24 అని కూడా అంటారు. కార్డు మీద ముద్రించిన బ్రాండు కన్నా ఈ చిప్పు పేరు తెలుసుకోవడం ముఖ్యం. కార్డుకు ఇంకా ఆయుష్షు ఉందా లేదా చెప్పేది అదే.

డ్రైవర్ సంగతి

డ్రైవర్ అంటే కార్డుకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య దుబాసీ. పాత కార్డుతో వచ్చే చిక్కు ఏమిటంటే, అటువైపు మాట్లాడే మనిషి నాలుగైదేళ్లకోసారి భాష మారుస్తుంటాడు. ఇటు దుబాసీ రిటైరై వెళ్లిపోయి ఉంటాడు.

విండోస్‌లో మొదటి గోడ 32 బిట్, 64 బిట్ తేడా. 32 బిట్ సాఫ్ట్‌వేర్ 64 బిట్ విండోస్‌లో మామూలుగా నడుస్తుంది కాబట్టి డ్రైవర్ కూడా నడుస్తుందని అనుకుంటారు. నడవదు. డ్రైవర్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్ లోపల పనిచేస్తుంది, కెర్నెల్ 64 బిట్ అయితే డ్రైవర్ కూడా 64 బిట్టే కావాలి. విండోస్ 11కి 32 బిట్ ఎడిషనే లేదు. అంటే ఎక్స్‌పీ కాలంలో 32 బిట్ డ్రైవర్‌తోనే ఆగిపోయిన కార్డుకు విండోస్‌లో దారి మూసుకుపోయినట్టే. ఎంత మంచి అడాప్టర్ కొన్నా ఫలితం ఉండదు.

రెండో గోడ సంతకం. విస్టా 64 బిట్ నుంచి డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను విండోస్ లోపలికి రానివ్వడం లేదు. 2016లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1607తో ఇది ఇంకా బిగిసింది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న కొత్త ఇన్‌స్టలేషన్లలో కెర్నెల్ డ్రైవర్‌కు మైక్రోసాఫ్ట్ సంతకమే కావాలన్నారు. అయితే 2015 జూలై 29కి ముందు జారీ అయిన సర్టిఫికెట్‌తో సంతకం చేసిన డ్రైవర్లకు మినహాయింపు ఇచ్చారు. పాత కార్డులు బతికి బయటపడుతున్నది ఈ సందులోంచే. విండోస్ 7 కోసం చేసిన 64 బిట్ డెల్టా డ్రైవర్‌ను విండోస్ 10లో వేసుకుని పని నడిపించుకున్నవాళ్లు ఉన్నారంటే కారణం ఇదే.

మూడోది కోర్ ఐసొలేషన్ అనే సెట్టింగ్‌లో ఉండే మెమరీ ఇంటెగ్రిటీ. కొత్త మెషీన్లలో ఇది ముందే ఆన్‌లో ఉంటుంది. పాత పద్ధతిలో రాసిన డ్రైవర్లు కొన్ని దీనికి సరిపడవు. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పక్కన పసుపుపచ్చ గుర్తు వచ్చి కూర్చుంటే ముందుగా ఇక్కడ చూడాలి. దీన్ని ఆఫ్ చేస్తే కార్డు పలకవచ్చు. కానీ అదే మెషీన్లో బ్యాంకు పనులు, మెయిళ్లు కూడా చూసుకునేవాళ్లకు ఆ పని చేయమని చెప్పడం కష్టం. రికార్డింగ్‌కే కేటాయించి, నెట్ తీసేసిన కంప్యూటర్ అయితే ఫర్వాలేదు.

కంపెనీ కొత్త డ్రైవర్ ఎందుకు ఇవ్వదు అని కోపం రావడం సహజం. ఎం-ఆడియోను 2004లో ఆవిడ్ కొంది, 2012లో ఇన్‌మ్యూజిక్‌కు అమ్మేసింది. చేతులు మారిన ప్రతిసారీ పాత సరుకు అటకెక్కుతుంది. అమ్మడం ఎప్పుడో ఆపేసిన కార్డు కోసం జీతమిచ్చి ఇంజనీరును కూర్చోబెట్టే కంపెనీలు తక్కువ. జర్మనీకి చెందిన ఆర్‌ఎంఈ ఈ విషయంలో వేరే దారి పట్టింది. తన పాత పీసీఐ కార్డులకు ఏళ్ల తరబడి డ్రైవర్లు ఇస్తూ వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎంఈ కార్డుల ధర అంత తేలిగ్గా దిగకపోవడానికి సౌండు ఒక్కటే కారణం కాదు.

లైనక్స్‌లో కథ తలకిందులు. అక్కడ డ్రైవర్లు కంపెనీ వెబ్‌సైట్లో కాకుండా కెర్నెల్ లోపలే ఉంటాయి. ఐసీఈ1712 చిప్పుకు లైనక్స్ సౌండు వ్యవస్థ అయిన ఆల్సాలో ఎస్‌ఎన్‌డీ-ఐసీఈ1712 అనే డ్రైవర్ ఉంది. కెర్నెల్ మారినప్పుడల్లా దాంతోపాటు ఇదీ మారుతూ వస్తోంది. కార్డు పెట్టి ఆన్ చేస్తే, ఏ సీడీ వెతక్కుండానే కనిపిస్తుంది. మీటర్లు, మిక్సర్ చూసుకోవడానికి ఎన్వీ24కంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఆర్‌ఎంఈ హ్యామర్‌ఫాల్ కార్డులకూ, క్రియేటివ్ సౌండ్ బ్లాస్టర్ లైవ్, ఆడిజీలకూ ఇలాగే డ్రైవర్లు ఉన్నాయి. ఇబ్బందల్లా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గర వస్తుంది. ఆర్డోర్, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు లైనక్స్‌లో నడుస్తాయి. క్యూబేస్, ప్రో టూల్స్ నడవవు. పాత కార్డు కోసం పదేళ్లుగా అలవాటైన సాఫ్ట్‌వేర్ వదులుకోవడానికి అందరూ సిద్ధపడరు, అందులో తప్పేమీ లేదు.

మ్యాక్ గురించి రెండు ముక్కలు చాలు. ఆపిల్ సొంత చిప్పులున్న మ్యాక్‌లలో కెర్నెల్ ఎక్స్‌టెన్షన్ (అక్కడి డ్రైవర్) కూడా ఆ చిప్పు కోసమే తయారై ఉండాలి. పాత ఇంటెల్ ప్రోగ్రాములను నడిపించే ఆపిల్ అనువాదకుడు రొసెట్టా కూడా ఇంటెల్ కాలపు డ్రైవర్‌ను నడిపించదు. పాత పీసీఐ కార్డుకు అక్కడ ఆశ లేదు.

256 ఎంబీ గీత

డ్రైవర్ దొరికింది, లోడ్ అయింది, అయినా కార్డు మొండికేస్తే అందరూ అడాప్టర్‌నే అనుమానిస్తారు. అంతగా మాట్లాడుకోని కారణం ఇంకొకటి ఉంది.

రికార్డింగ్ కార్డు తనకు వచ్చిన ధ్వనిని ప్రాసెసర్ చేతికివ్వదు. తానే నేరుగా ర్యామ్‌లో ఫలానా చోట రాసేస్తుంది. దీన్నే డీఎంఏ అంటారు. అలా రాయాలంటే ఆ చోటి అడ్రసు కార్డుకు తెలియాలి, ఆ అడ్రసు కార్డులోని చిప్పుకు పట్టాలి. ఐసీఈ1712కి పట్టేది 28 బిట్ల అడ్రసు మాత్రమే. రెండును ఇరవై ఎనిమిదిసార్లు హెచ్చవేస్తే వచ్చేది 26,84,35,456. అంటే 256 ఎంబీ. ర్యామ్‌లో మొదటి 256 ఎంబీ దాటి ఒక్క అడుగు ముందుకు వేసినా ఈ చిప్పుకు అక్కడ ఏముందో తెలియదు.

డిజైన్ చేసినవాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆ రోజుల్లో ఇళ్లలోని కంప్యూటర్లకు 64 ఎంబీ, 128 ఎంబీ ర్యామ్ ఉండేది. 256 ఎంబీ అంటే చాలానే మిగులు పెట్టినట్టు. ఇవాళ 16 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్లో పెడితే, మొత్తం మెమరీలో అరవై నాలుగో వంతు మాత్రమే దానికి అందుతుంది. దానికి కావాల్సిన బఫర్ (ధ్వనిని తాత్కాలికంగా పెట్టుకునే చోటు) కొన్ని వందల కిలోబైట్లే. కానీ అది ఆ కింది మూలలోనే దొరకాలి. డ్రైవర్ రాసినవాళ్లు ముందుచూపుతో అక్కడే చోటు అడిగితే ఏ గొడవా లేదు. లైనక్స్ డ్రైవర్ ఈ 28 బిట్ల హద్దును కెర్నెల్‌కు మొదట్లోనే చెప్పేస్తుంది. చోటు కింది భాగంలో కేటాయింపు అవుతుంది. ఈ జాగ్రత్త లేని డ్రైవర్ అయితే పాత మెషీన్లో ఏళ్ల తరబడి బాగానే నడిచి, ర్యామ్ ఎక్కువున్న కొత్త మెషీన్లో అడ్డం తిరుగుతుంది.

ఒక్కో చిప్పుకు ఒక్కో హద్దు. సౌండ్ బ్లాస్టర్ లైవ్‌కు 31 బిట్లు, అంటే 2 జీబీ. 32 బిట్ల చిప్పు 4 జీబీ దాకా చూడగలదు. ఇలాంటి 2 జీబీ, 4 జీబీ హద్దున్న కార్డు మీద అనుమానం వచ్చినప్పుడు, బూట్ సెట్టింగుల్లో విండోస్ వాడే మెమరీని తాత్కాలికంగా 2 జీబీకో 3 జీబీకో తగ్గించి చూడటం మంచి పరీక్ష. అప్పుడు సౌండు సరిగ్గా వస్తే దోషి ఎవరో తెలిసిపోయినట్టే. పైసా ఖర్చు లేదు.

స్లాటు, కరెంటు

ఇక అడాప్టర్ దగ్గరికి వద్దాం. ఇంటెల్ 2011లో 6 సిరీస్ చిప్‌సెట్లతో మామూలు బోర్డులకు సొంత పీసీఐ ఇవ్వడం ఆపేసింది. ఆఫీసు కంప్యూటర్ల కోసం చేసిన క్యూ, బీ రకాల్లో మాత్రం మరో తరం దాకా ఉంచింది. ఆ తర్వాత బోర్డు మీద పీసీఐ స్లాటు కనిపించినా, దాని వెనక పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను పీసీఐగా మార్చే బ్రిడ్జి చిప్పు ఒకటి దాక్కుని ఉంటుంది. విడిగా కొనే అడాప్టర్‌లోనూ అలాంటి బ్రిడ్జి చిప్పే ఉంటుంది.

వేగం చాలదేమోనన్న భయం అక్కర్లేదు. డెల్టా 1010 పన్నెండు చానళ్లను (అనలాగ్ ఎనిమిది, ఎస్‌పీడీఐఎఫ్ రెండు, లోపలి మిక్సర్‌వి రెండు), ఒక్కో నమూనాకు (శాంపిల్‌కు) 4 బైట్ల చొప్పున, 96 కిలోహెర్ట్జ్‌లో లోపలికి పంపితే సెకనుకు 4.6 ఎంబీ. పాత పీసీఐ బస్సుకే (డేటా వెళ్లే దారికి) సెకనుకు 133 ఎంబీ మోసే శక్తి ఉంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మొదటి తరంలో ఒక్క లేన్‌కే 250 ఎంబీ. రోడ్డు వెడల్పు ఎప్పుడూ సమస్య కాలేదు. బండి చెప్పిన టైముకు వస్తుందా అన్నదే ప్రశ్న. 48 కిలోహెర్ట్జ్‌లో 64 నమూనాల బఫర్ పెట్టుకుంటే 1.33 మిల్లీసెకన్లకోసారి కార్డు గంట కొడుతుంది. ప్రాసెసర్ వెంటనే వచ్చి సరుకు తీసుకుపోవాలి. ఒక్కసారి ఆలస్యమైనా చెవికి టిక్కుమని వినిపిస్తుంది.

ఆ గంట కొట్టే పద్ధతే మారిపోయింది. ఆ గంటనే ఇంటరప్ట్ అంటారు. పీసీఐలో ఇంటరప్ట్ అంటే నిజంగా ఒక తీగ. కార్డు దాన్ని కిందికి లాగి పట్టుకుంటుంది, పని అయ్యాక వదిలేస్తుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో అలాంటి తీగలు లేవు. లాగాను అని ఒక సందేశం, వదిలాను అని ఇంకో సందేశం వెళ్తాయి. తీగను సందేశంగా మార్చే పని బ్రిడ్జిది. చవక అడాప్టర్లలో, చాలా మదర్‌బోర్డుల్లో కనిపించిన ఏఎస్‌మీడియా ఏఎస్‌ఎం1083 చిప్పుకు ఇక్కడే చెడ్డపేరు వచ్చింది. వదిలాను అన్న సందేశం అప్పుడప్పుడు తప్పిపోయేది. కార్డు ఎప్పుడో వదిలేసినా, ఇంకా గంట మోగుతూనే ఉందని కంప్యూటర్ అనుకునేది. కాసేపు చూసి లైనక్స్ విసుగొచ్చి ఆ లైనునే మూసేసేది. ఈ ఇంటరప్ట్‌ను ఎవరూ పట్టించుకోలేదని లాగ్‌లో ఒక వాక్యం రాసి ఊరుకునేది. అంతే, మంచి టేక్ మధ్యలో కార్డు మూగబోయేది. పీఎల్‌ఎక్స్ పీఈఎక్స్8112, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఎక్స్‌ఐఓ2000 లాంటి చిప్పులున్న అడాప్టర్లు ఉన్నాయి. అడాప్టర్ కొనేటప్పుడు ఫోటోను పెద్దది చేసి చిప్పు మీది అక్షరాలు చదవడం వల్ల నష్టమేమీ లేదు. అమ్మేవాళ్లు సాధారణంగా ఆ పేరు రాయరు.

కరెంటు సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. పీసీఐ స్లాటు కార్డుకు నాలుగు రకాల వోల్టేజీలు ఇస్తుంది: 3.3, 5, 12, మైనస్ 12. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో ఉన్నవి 3.3, 12 మాత్రమే. 5 వోల్టులను అడాప్టర్ తానే తయారు చేసుకోవాలి, లేదా ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే వైరుతో తీసుకోవాలి. అందుకే అడాప్టర్ మీద హార్డ్ డిస్కుకు పెట్టేలాంటి పవర్ సాకెట్ ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసి, కార్డు కనిపించడం లేదని మొత్తుకునేవాళ్లు తక్కువేం కాదు.

మైనస్ 12 ఇంకో తలనొప్పి. హార్డ్ డిస్కు వైరులో అది రాదు. చాలా కార్డులకు దానితో పనే లేదు. కానీ ధ్వని సంకేతం సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి, కొన్ని ఆడియో కార్డుల్లోని ఆప్ ఆంపులు (ధ్వని సంకేతాన్ని పెంచే చిప్పులు) ప్లస్ 12, మైనస్ 12 రెంటినీ వాడుకుంటాయి. అలాంటి కార్డును మైనస్ 12 ఇవ్వని అడాప్టర్లో పెడితే విచిత్రం జరుగుతుంది. డ్రైవర్ లోడవుతుంది, కార్డు పేరు కనిపిస్తుంది, డిజిటల్ ఇన్‌పుట్ పనిచేస్తుంది, అనలాగ్ సౌండు మాత్రం పగిలిపోయి వస్తుంది, లేదా అసలే రాదు. కార్డు పోయిందనుకుని పారేస్తారు. మల్టీమీటర్ ఉన్నవాళ్లకు ఇది రెండు నిమిషాల్లో తేలే విషయం. పీసీఐ కనెక్టర్లో మైనస్ 12 వచ్చేది బీ వైపు మొదటి పిన్నుకే.

కార్డు అడుగున ఉండే గంట్లు కూడా ఒకసారి చూడాలి. వెనక పట్టీకి దగ్గరగా ఉన్న గంటు 3.3 వోల్టులది, దూరంగా ఉన్నది 5 వోల్టులది. రెండూ ఉంటే ఎక్కడైనా దిగుతుంది. ఒక్కటే ఉంటే అడాప్టర్ స్లాటు అదే రకమా అని చూసుకోవాలి. దిగకపోతే నొక్కకూడదు.

ఇంత తిప్పలు అవసరమా

చానళ్ల లెక్కను బట్టి జవాబు మారుతుంది. ఆడియోఫైల్ 2496 లాంటి రెండు చానళ్ల కార్డు కోసం అడాప్టర్, పాత డ్రైవర్, సెక్యూరిటీ సెట్టింగులు అంటూ తిరగడం దండగ. ఇంట్లో మూలన పడి ఉన్న హరికథల క్యాసెట్లు, పెళ్లి పాటల టేపులు కంప్యూటర్లోకి ఎక్కించడానికి మామూలు యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ చాలు. క్యాసెట్ గరగరే అంత ఉండగా కార్డుల మధ్య తేడా ఎవరి చెవికీ ఆనదు. ఎనిమిది, పదహారు చానళ్లు ఒకేసారి రికార్డు చేయాల్సినవాళ్ల సంగతి వేరు. అన్ని ఇన్‌పుట్లున్న కొత్త పెట్టె ఖరీదు చూశాక పాతదాని మీద ప్రేమ దానంతటదే పుట్టుకొస్తుంది.

అలాంటివాళ్లకు అడాప్టర్ కన్నా తిన్నటి దారులు ఉన్నాయి. కొన్ని కంపెనీలు బయటి పెట్టెను, లోపలి కార్డును వేరువేరుగా అమ్మాయి. ఆర్‌ఎంఈ మల్టీఫేస్, డిజిఫేస్ పెట్టెలకు మొదట పీసీఐ కార్డు ఉండేది, తర్వాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు వచ్చింది. మోటూ 2408 లాంటి పెట్టెలకు కూడా పీసీఐ-424 తర్వాత పీసీఐఈ-424 వచ్చింది. లోపలి కార్డు ఒక్కటీ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే పెట్టె, కేబుళ్లు, ర్యాకు కదిలించే పనే లేదు. డెల్టా 1010కి ఆ అదృష్టం లేదు. ఏడాట్ (ఎనిమిది చానళ్లను ఒకే ఆప్టికల్ కేబుల్లో పంపే డిజిటల్ పద్ధతి) ఆప్టికల్ అవుట్‌పుట్ ఉన్న పాత కన్వర్టర్ పెట్టె చేతిలో ఉంటే కంప్యూటర్ కార్డును పూర్తిగా పక్కన పెట్టేయొచ్చు. ఏడాట్ ఇన్‌పుట్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌కు ఒక్క ఆప్టికల్ కేబుల్ కలిపితే 48 కిలోహెర్ట్జ్‌లో ఎనిమిది చానళ్లు వచ్చేస్తాయి. పీసీఐ గొడవే ఉండదు.

ఇంకో దారి, కార్డు కోసం కంప్యూటర్‌నే వెతకడం. సొంత పీసీఐ ఉన్న చివరి తరం బోర్డుల్లో ఇంటెల్ బీ75, క్యూ77, ఏఎండీలో ఎస్‌బీ950 చిప్పున్నవి ఉన్నాయి. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర ఓపిగ్గా అడిగితే ఇలాంటి బోర్డు తగలొచ్చు. మూడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పెడితే పదహారు ట్రాకుల రికార్డింగ్‌కు ఢోకా లేదు. అయితే ఇవి విండోస్ 11 అర్హతల జాబితాలో లేవు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి ఆ మెషీన్‌ను నెట్‌కు దూరంగా ఉంచి, రికార్డింగ్ వరకే వాడి, ఫైళ్లను పెన్ డ్రైవ్‌లో కొత్త కంప్యూటర్‌కు తెచ్చుకుని అక్కడ మిక్స్ చేసుకోవడం మేలు. బ్రిడ్జి చిప్పుతో వారాల తరబడి కుస్తీ పట్టడం కన్నా ఈ రెండు కంప్యూటర్ల పద్ధతే హాయి. టేబుల్ కింద చోటు ఉండాలి, అంతే.

ఏ దారిలో వెళ్లినా, ఆర్టిస్టును పిలిచే ముందు కార్డును ఒకసారి పరీక్షించాలి. ఎస్‌పీడీఐఎఫ్ అవుట్‌పుట్ నుంచి అదే కార్డు ఇన్‌పుట్‌కు ఒక కేబుల్ కలిపి, క్లాక్‌ను ఇంటర్నల్‌లో ఉంచి, మిక్సర్లో లెవెల్ ఏమాత్రం తగ్గించకుండా, అరగంట నిడివి ఉన్న ఫైలును ప్లే చేస్తూ రికార్డు చేయాలి. రికార్డయినదాన్ని అసలు ఫైలుతో నమూనా తేడా లేకుండా జరిపి, ఫేజ్ తిప్పి కలిపితే పూర్తి నిశ్శబ్దం మిగలాలి. తెర మీది ధ్వని బొమ్మలో ఎక్కడైనా గీత కనిపిస్తే అక్కడ డేటా తప్పిపోయినట్టు. గీతలు ఎక్కడపడితే అక్కడ ఉంటే బ్రిడ్జిని, ఇంటరప్టులను, ప్రాసెసర్ పవర్ సేవింగ్ సెట్టింగులను చూడాలి. బయటి పెట్టె ఏదైనా కలిపాక గీతలు గడియారం కొట్టినట్టు సమాన దూరంలో వస్తుంటే, రెండు పెట్టెలూ ఎవరి క్లాక్‌తో అవి నడుస్తున్నాయని అర్థం. రెండు క్లాకులకూ పది లక్షల్లో పది వంతులు తేడా ఉన్నా, 48 కిలోహెర్ట్జ్‌లో రెండు సెకన్లకోసారి ఒక నమూనా జారిపోతుంది. ఒకదాన్ని మాస్టర్‌గా, రెండోదాన్ని స్లేవ్‌గా పెడితే ఆ టిక్కులు ఆగిపోతాయి. దీనికి కొత్త అడాప్టర్ కొనక్కర్లేదు.